రంగుల్లేని కళ్ళు

మా ఆవిడ కనిపెట్టిన కెమెరాకి మొట్టమొదట చిక్కింది నా కన్నే.

అంతకు ముందురోజు ఒక పెళ్ళిలో నా పరువు పోయింది. సరిగ్గా ముహూర్తం టైముకి పెళ్ళికొడుకు మేనమామ లెన్సుకి అడ్డమొస్తే, కాస్త జరగమన్నాను. "ఫొటోలు తీసేవాడివి, ఫొటోలు తియ్" అన్నాడాయన, అందరిముందూ. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఇంటికొచ్చి అన్నం కూడా నవ్వుతూనే తిన్నాను. మర్నాడు యూనివర్సిటీ ల్యాబులో సుగుణ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, లెన్సు ముందున్న రింగుని మెల్లగా తిప్పి, స్క్రీను నాకు చూపించింది. నా నల్లగుడ్డు మీద ఎరుపూ ఆకుపచ్చా ఊదా చారలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇరుక్కుని ఉన్నాయి.

"నిన్న ఏం జరిగిందండీ?" అంది.

"ఏం జరగలా."

"మీ కన్ను అట్టా చెప్పట్లేదు."

ఇన్నేళ్ళ కాపురంలో నా నవ్వు మా ఆవిడ ముందు పనిచెయ్యకపోవడం అదే మొదలు. నాకు ఒళ్ళు మండింది. లోపల్లోపల సంతోషం కూడా వేసింది, మన ఇంటి ఆడమనిషి ఇంత పని చేసిందా అని.

నిజానికి ఆ రింగు తిప్పే విద్య నాదే. గుంటూరులో పెళ్ళిళ్ళు తీసుకుని బతికేవాడికి పోలరైజర్ ఫిల్టర్ లేకపోతే పూట గడవదు. కారులో కూర్చున్న పెళ్ళికూతుర్ని తీయబోతే అద్దం మీద ఆకాశం, కరెంటు తీగలు, మనం, మన పొట్ట అన్నీ కనిపిస్తాయి, పెళ్ళికూతురు తప్ప. లెన్సు ముందు ఈ నల్లటి గాజు బిగించి వేలితో తిప్పుకుంటూ పోతే ఒకచోట ఆ మెరుపంతా చచ్చిపోయి లోపలి మనిషి బయటపడుతుంది. మే నెల పెళ్ళిళ్ళలో మొహాల మీద చెమట నిగనిగకీ అదే మందు. ఒకసారి తోచక ఫ్లాషుకి ఒక ఫిల్టరూ లెన్సుకి ఇంకొకటీ అడ్డదిడ్డంగా పెట్టి మా అమ్మాయి కెజియా ప్లాస్టిక్ స్కేలుని ఫొటో తీశాను. స్కేలు నిండా ఇంద్రధనుస్సు రంగులు.

సుగుణ ఫిజిక్సులో డాక్టరేటు. ఆ ఫొటో చూసి టీ చల్లారబెట్టుకుంది.

"రంగులున్నచోటల్లా ఆ ప్లాస్టిక్ లోపల బిగిసిపోయి ఉందండీ. పైకి చూస్తే నున్నగానే ఉంటుంది. మనుషులక్కూడా ఇట్టా కనిపిస్తే ఎంత బాగుండు" అంది.

ఆమె ఎందుకలా అందో నాకు తెలుసు. ఆ ఏడే మా సందు చివరింటి పిల్లవాడు కాలేజీ హాస్టల్ నుంచి ప్రాణాలతో తిరిగి రాలేదు. ఆ ముందు ఆదివారం ఫోన్లో "బాగానే ఉన్నా" అన్నాడట. వాళ్ళమ్మ ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. బాగానే ఉన్నానన్నాడు కదండీ, మరి ఎట్టా జరిగిందండీ, అని. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాం.

కంటి ముందుండే అద్దంలాంటి పొర కూడా ఆ స్కేలులాంటిదేనని సుగుణ పట్టుకుంది. మనిషి లోపల బాధ దిగమింగుతున్నకొద్దీ ఆ పొర పిసరంత బిగుసుకుంటుంది. మామూలు ఫిల్టరుకి అది అందదు. అందుకని ఏళ్ళ తరబడి ల్యాబులో కూర్చుని ఏవో స్ఫటికాలు పెంచి, వాటిని రెండు గాజుల మధ్య పరిచి కొత్త ఫిల్టర్ చేసింది. నాకు అర్థమైంది ఇంతే. చారలు తక్కువుంటే మనిషి తేలిగ్గా ఉన్నట్టు. చారలు ఇరుకైనకొద్దీ లోపల నలిగిపోతున్నట్టు. చెప్పని పిల్లల్ని కూడా ఇది చూపించేస్తుంది.

దాన్ని పట్టుకుని ఇద్దరం ఊళ్ళో పెద్ద జూనియర్ కాలేజీకి వెళ్ళాం. పేరు రాయను. ఊళ్ళో ఏ గోడ చూసినా ఉంటుంది. డైరెక్టరు పూర్ణచంద్రరావుగారు మమ్మల్ని నిలబెట్టి మాట్లాడతారనుకుంటే, లేచి నిలబడి మరీ కూర్చోబెట్టారు.

"మేడమ్, ఇట్టాంటిదాని కోసమే మేం చూస్తున్నాం. ఒక్క పిల్లకి ఏమన్నా అయితే టీవీవాళ్ళు వారం రోజులు మా గేటు ముందే వంట చేసుకుంటారు. రేపే పెట్టెయ్యండి" అన్నారు.

మెస్సు గుమ్మం దగ్గర, పిల్లలు హాజరు కోసం వేలిముద్ర వేసేచోట, కెమెరా బిగించాం. వేలు పెట్టి తలెత్తగానే కన్ను పడుతుంది. పిల్లలకి మెతుకు దొరికేముందు రోజూ వాళ్ళ కళ్ళు చదివేదన్నమాట.

ఆ యేడే కెజియా పదో తరగతి పాసయింది. ఆ కాలేజీలోనే వేద్దామంటే నేను వద్దన్నాను. హాస్టల్ అంటేనే నాకు గుండె దడ. సుగుణ మాత్రం ధైర్యంగా ఉంది.

"మిగతా తల్లులకి చూడటానికి ఏముందండీ, వారానికో ఫోను. నేను రోజూ దాని కన్ను చూస్తాను. ఏ కాస్త తేడా వచ్చినా ఆ పూటే తెచ్చేసుకుందాం" అంది.

ఆ కెమెరా అక్కడుంది కాబట్టే మా పిల్లని అక్కడ వేశాం.

కెజియా వాగుడుకాయ. చర్చిలో పాస్టరుగారు ప్రార్థన మధ్యలో దగ్గడం దగ్గర్నుంచి మా అత్తగారు ఫోనుని నోటి ముందు మైకులా పట్టుకోవడం దాకా, అందర్నీ అచ్చు దింపేది. మొదటి ఆదివారం ఫోన్లో వార్డెన్ సామ్రాజ్యంగారిని అనుకరించి మమ్మల్ని పడీపడీ నవ్వించింది.

"డాడీ, మమ్మీ కెమెరా ముందు మేమంతా చారల గుర్రాలంట. ఇంటిమీద బెంగొచ్చినప్పుడు ఇంకా ఎక్కువ పడతాయంట. ఈ వారం నాకెన్ని పడ్డాయో మమ్మీనడుగు" అంది.

చాలానే పడ్డాయి. కొత్తలో అందరికీ అంతేలే అనుకున్నాం.

సంక్రాంతి సెలవులైన కొన్నాళ్ళకి ఫిల్టర్ శుభ్రం చెయ్యడానికి సుగుణ కాలేజీకి వెళ్ళి, మొహం మాడ్చుకుని వచ్చింది. చారలు మరీ ఇరుకైన పిల్లల్ని ఏం చేస్తున్నారో ఆ రోజు తెలిసింది. ఏం చెయ్యడం లేదు. పెట్టె సర్దించి, తండ్రిని పిలిపించి, సంతకం పెట్టించుకుని పంపించేస్తున్నారు. చారలు తక్కువున్న పిల్లల్ని పై సెక్షన్‌లోకి ఎక్కించి, ఇంకో స్టడీ అవర్ కలుపుతున్నారు. వీళ్ళకి ఇంకా కెపాసిటీ మిగిలుందట.

సుగుణ డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళి నిలదీసిందట. "వాళ్ళతో కూర్చుని మాట్లాడమని కదండీ నేను చెప్పింది? భారం తగ్గించమని కదా?"

"మీరు ప్రమాదం ఎక్కడుందో చూపించారు మేడమ్. మేం దాన్ని గేటు దాటించాం" అన్నారట పూర్ణచంద్రరావుగారు. కాఫీ కూడా ఇప్పించారట.

ఆ మాట వినగానే కెమెరా పీకేసి వచ్చెయ్యమన్నాను. పీకితే పిల్లల్ని చూసే ఆ ఒక్క దిక్కూ పోతుంది కదా అంది సుగుణ. అదీ నిజమే అనిపించింది. మరి కెజియా సంగతేమిటన్నాను. ఆమె ల్యాప్‌టాప్ తెరిచి చూపించింది. దసరాకి ముందు చారలు కిక్కిరిసి ఉన్నాయి, కొత్త బెంగ తీరలేదనుకుని అప్పుడు ఊరుకున్నాం. తర్వాత పల్చబడుతూ వచ్చాయి. ఆ వారం తీసిన ఫొటోలో మా పిల్ల కన్ను కడిగిన అద్దంలా ఉంది. ఒక్క రంగు లేదు.

"మన పిల్ల గట్టిదండీ. అలవాటు పడిపోయింది" అంది సుగుణ, పొంగిపోతూ. నేనూ పొంగిపోయాను. వారం పరీక్షల్లో కూడా ఫస్టు వస్తోంది. ఆదివారం ఫోన్లో "బాగానే ఉన్నా డాడీ" అంటోంది. మా సందులో ఆ మాట పట్టుకుని ఒక తల్లి ఇంటింటికీ తిరగడం కళ్ళారా చూసినవాణ్ణి నేను. అయినా, మాకు కెమెరా ఉంది కదా, వాళ్ళకి లేదు కదా అనుకున్నాను.

వేసవి ముందు డైరెక్టరుగారే నాకు కబురు పెట్టారు. హోర్డింగుల కోసం పిల్లల ఫొటోలు తియ్యాలట. రంగులు పూర్తిగా పోయిన పిల్లలందర్నీ ఒక సెక్షన్ చేసి దానికి క్లియర్ బ్యాచ్ అని పేరు పెట్టారు. ర్యాంకులన్నీ వాళ్ళవేనట. "మీ అమ్మాయే లీడరు పాల్ గారూ" అన్నారాయన నా భుజం మీద చెయ్యేసి. ఆయన చెయ్యి పడగానే నేను గర్వంగా ఫీలయ్యాను. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పుడు భుజం కోసుకోవాలనిపిస్తుంది.

మనిషి మొహం దగ్గర్నుంచి తీసేటప్పుడు నేను పోలరైజర్ పెట్టను. కంట్లో తడి మెరుపు కూడా పోయి బొమ్మ శవంలా వస్తుంది. ఆ రోజూ తీసేసే ఉంచాను. లైటు సరిగ్గా పడింది, కెజియా కంట్లో మెరుపు ఉంది, ఫోకస్ ఉంది. అయినా బొమ్మలో మనిషి లేదు. రెండోసారి తీశాను. మూడోసారీ తీశాను.

"కాస్త నవ్వమ్మా."

వెంటనే నవ్వింది.

"అంత కాదు, కొంచెం."

కొంచెం నవ్వింది. నేను చాలని చెప్పేదాకా మొహం అలాగే పెట్టుకుని నిలబడింది. పాస్టరుగారిలా ఒకసారి దగ్గు తల్లీ అన్నాను. దగ్గింది. అది ఆయన దగ్గు కాదు, ఉత్త దగ్గు.

"ఇంకోసారి దగ్గాలా డాడీ?" అంది.

కెమెరా పెట్టెలో పెట్టుకుని తిన్నగా ల్యాబుకి వెళ్ళాను. సుగుణ కొత్త ఫిల్టర్ ఒకటి సరిచూసుకుంటోంది. రెండు ఫిల్టర్ల మధ్య గాజుపలక పెట్టి, మర బిగిస్తూ స్క్రీనులో చూస్తోంది. నేను చూసింది చెబుతుంటే వింటూనే మర తిప్పుతోంది. గాజులో చారలు పుట్టాయి, దగ్గరయ్యాయి, కిక్కిరిశాయి.

"పిల్లకి అలసటై ఉంటుందండీ. చారలు లేవు కదా. చారలు లేకపోతే..." అంటూ ఇంకొంచెం బిగించింది.

టప్పున శబ్దం. గాజు రెండు ముక్కలైంది. నేను ముక్కలు ఏరబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. స్క్రీను వైపే చూస్తోంది. రెండు ముక్కల్లోనూ చారలు లేవు. ఒక్క రంగు కూడా లేదు. కడిగిన అద్దంలా ఉన్నాయి.

సుగుణ ఆ ముక్కల్ని తాకలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"గాజు పగిలితే లోపలి బిగువు పోతుందండీ. ఇది నేను మొదటి సంవత్సరం పిల్లలకి చెప్పే పాఠం" అంది. స్క్రీను ఆపేసి మళ్ళీ అంది, "అంత చాకిరీ కింద రంగుల్లేకుండా ఎవరుంటారండీ? ఆ ప్రశ్న నాకెందుకు రాలేదు?"

జవాబు నాకు తెలుసు. సొంత పిల్ల గట్టిదని ఎవరైనా చెబితే ఏ తల్లీ తండ్రీ ఎదురు ప్రశ్న వెయ్యరు. నేనూ వెయ్యలేదు. ఆ మాట పైకి అనకుండా బండి తాళం తీసుకున్నాను.

గేటు దగ్గర పెద్ద రభస అయింది. పరీక్షల ముందు టాపర్ని ఎవరైనా తీసుకుపోతారా అని డైరెక్టరుగారు కేకలేశారు. నేను అంతకు రెండింతలు అరిచాను. సుగుణ మెస్సులోకి వెళ్ళి తన ఫిల్టరుని తనే ఊడదీసింది. వార్డెన్ సామ్రాజ్యంగారు మాత్రం నిజంగానే కళ్ళు ఒత్తుకున్నారు.

"బంగారంలాంటి పిల్ల సార్. ఒకటి కావాలని అడిగింది లేదు, ఒకనాడు ఏడ్చింది లేదు. అందరూ ఇట్టా ఉంటే మాకు పనేముంది?" అన్నారు.

కెజియా పెట్టె పట్టుకుని వచ్చి బండెక్కింది. ఎందుకు తీసుకెళ్తున్నారని అడగలేదు.

ఇంటికొచ్చాక మేం నేర్చుకున్నది చాలా ఉంది. ఏం కూర చెయ్యమంటావంటే "ఏదైనా" అంటుంది. తిన్నాక కంచం పట్టుకుని, బెల్లు మోగితేగానీ కదలకూడదన్నట్టు నిలబడిపోతుంది. కూర్చోమంటే కూర్చుంటుంది, పడుకోమంటే పడుకుంటుంది. ఏ కెమిస్ట్రీ ప్రశ్న అడిగినా తడుముకోకుండా చెబుతుంది. మా అత్తగారు వచ్చి మనవరాల్ని పట్టుకుని భోరుమంటే, ఆవిడ ఏడుపు అయ్యేదాకా ఓపిగ్గా నిలబడి, "అయిందా అమ్మమ్మా?" అని అడిగింది. వెటకారంగా కాదు, మర్యాదగానే.

డాక్టర్లకి చూపించాం. మందులిచ్చారు, టైము పడుతుందన్నారు. సుగుణ మాత్రం తన ఆశ తను పెట్టుకుంది. గాజు అతుక్కోదు, నిజమే. కన్ను గాజు కాదు కదా, ప్రాణమున్న కండ కదా అంటుంది. రోజూ పొద్దున్నే కెజియాని కిటికీ దగ్గర కూర్చోబెట్టి రింగు తిప్పి చూస్తుంది. ఏ మూలనైనా సన్నగా ఒక్క చార కనబడుతుందేమోనని. పిల్లకి మళ్ళీ బాధ కలగాలని దేవుణ్ణి మొక్కుకునే తల్లిని మీరెక్కడైనా చూశారా? మా ఇంట్లో ఉంది. నేనూ పక్కన చేరి మొక్కుతున్నాను.

తన కెమెరా చేసిన చెడుకి తనే జవాబు చెప్పుకోవాలనుకుని, కాలేజీలో తల్లిదండ్రుల మీటింగు పెట్టిన రోజు సుగుణ పిలుపు లేకుండానే వెళ్ళి మైకు అందుకుంది. నేను పక్కన నిలబడ్డాను, ఎవరైనా లాక్కోబోతే అడ్డుపడదామని. ఎవరూ లాక్కోలేదు. హాలంతా నిండి ఉంది. ఆమె తప్పేమీ దాచుకోలేదు. గాజుపలకని అందరి ముందూ బిగించి, పగలగొట్టి, తెర మీద చూపించింది. "క్లియర్ బ్యాచ్ పిల్లలు హాయిగా ఉన్నవాళ్ళు కారు. లోపల విరిగిపోయినవాళ్ళు. అందులో నా కూతురే మొదటిది. మీ పిల్లల్ని ఇవాళే ఇంటికి తీసుకుపోండి" అంది.

కొందరు ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. హమ్మయ్య, చెవికెక్కిందనుకున్నాను. అప్పుడు మధ్య వరసలోంచి తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన లేచాడు.

"అంతా బానే ఉంది మేడమ్. మీ అమ్మాయికి వారం పరీక్షల్లో ఎంతొచ్చేది?"

సుగుణ చెప్పింది. ఆమెకి అబద్ధం చెప్పడం రాదు.

హాల్లో గుసగుస మొదలైంది. నేను ఎన్నో పెళ్ళిళ్ళు చూసినవాణ్ణి, జనం ఎప్పుడు జాలిపడుతున్నారో ఎప్పుడు లెక్కలేస్తున్నారో మొహాలు చూసి చెప్పగలను. ఆ మొహాల్లో జాలి ఎంతోసేపు నిలవలేదు. నలుగురైదుగురు మాత్రం ఆ సాయంత్రమే పెట్టెలు సర్దించి పిల్లల్ని తీసుకుపోయారు. వాళ్ళకి నా దణ్ణం. మిగతావాళ్ళు కూర్చునే ఉన్నారు. డైరెక్టరుగారు మైకు తీసుకుని, శాస్త్రవేత్తగారి నిజాయితీకి మనమంతా చప్పట్లు కొడదాం అన్నారు. కొట్టారు.

ఫిల్టరు మేం ఊడదీసుకొచ్చినా, దాన్ని చూసి చేసినవి అప్పటికే మార్కెట్లోకి వచ్చేశాయి. ఫోనుకి తగిలించుకునేవి కూడా దొరుకుతున్నాయిప్పుడు. ఇళ్ళల్లోనే రింగు తిప్పి పిల్లల కళ్ళు చూసుకుంటున్నారు. మా ఇంటికి జనం రావడం అప్పట్నుంచే మొదలైంది. మొదట్లో భయపడి వస్తున్నారనుకున్నాం. సుగుణ ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పేది. తర్వాత తెలిసింది వాళ్ళడిగేది వేరని. మావాడికి ఇంకా చారలు పోవడం లేదు మేడమ్, ఇంకెంతకాలం పడుతుంది, ఏమన్నా మందుందా? ఒకాయన్ని నేను చొక్కా పట్టుకుని మెట్లు దింపాను. మర్నాడు మళ్ళీ వచ్చాడు, పళ్ళు తీసుకుని.

మొన్న ఒకావిడ చిలకలూరిపేట నుంచి వచ్చింది. వెంట కూతురు. రెండు జడలు, చేతిలో పుస్తకాల సంచి, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు. ఆ కళ్ళు చూడటానికి ఎవరికీ ఏ యంత్రమూ అవసరం లేదు. సుగుణ అప్పుడే కిటికీ దగ్గర కెజియా కన్ను చూడటం ముగించి కెమెరా చేత్తో పట్టుకుని ఉంది. ఆ పూట కూడా ఏమీ కనిపించలేదు.

"తీసుకుపోండమ్మా. ఆ పిల్ల ఇంకా ఏడుస్తోంది. అది మీ అదృష్టం. ఇంటికి తీసుకుపోయి పక్కలో పడుకోబెట్టుకోండి" అని సుగుణ చేతులు జోడించింది.

ఆవిడకి ఆ మాట వినబడనే లేదు. ఆమె చూపంతా కుర్చీలో కూర్చున్న కెజియా మీద ఉంది. మేం తీసుకొచ్చేసినా, కాలేజీవాళ్ళు తమ దగ్గరున్న ఫొటోతో గోడలనిండా వేసేసిన మొహం కదా. దగ్గరికెళ్ళి గడ్డం పట్టుకుంది.

"మా తల్లే, నువ్వేనా ఆ అమ్మాయివి? ఎట్టా చేశావమ్మా? మా పిల్లకి కాస్త చెప్పమ్మా."

నేను అడ్డుపడబోయాను. అంతలో కెజియా నోరు విప్పింది. తనంతట తను మాట్లాడి ఎన్నాళ్ళయిందో, ఆ గొంతు విని నేను ఉన్నచోటే ఆగిపోయాను.

కెజియా లేచి నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. టీచరు ప్రశ్న అడిగితే చెప్పినట్టే చెప్పింది.

"ముందు ఇంటి గురించి అనుకోవడం మానెయ్యాలి ఆంటీ. మొదట్లో రాదు. అనిపించినప్పుడల్లా ఒక లెక్క చెయ్యాలి. తర్వాత నవ్వడం మానెయ్యాలి, ఎందుకంటే నవ్వితే ఏడుపు కూడా వస్తుంది. ఆదివారం ఫోన్లో ఒకటే మాట చెప్పాలి. కొన్నాళ్ళకి మమ్మీ గొంతు విన్నా ఎవరిదో గొంతులా ఉంటుంది. అప్పుడిక బాగా చదువుకోవచ్చు."

సుగుణ కెమెరాని నేలమీద పెట్టేసి, మొహం కిటికీ వైపు తిప్పుకుంది. నేను ఆమె దగ్గరికి వెళ్ళాలో పిల్ల దగ్గరికి వెళ్ళాలో తెలియక మధ్యలో నిలబడ్డాను.

జవాబు అయిపోయింది కాబట్టి కెజియా కూర్చుంది.

చిలకలూరిపేట ఆవిడ కూతురి వైపు తిరిగి, దాని జడ సవరిస్తూ, "విన్నావా? అక్క ఎంత చక్కగా చెప్పిందో" అంది.